వాన తోటకు చేయి వేసే ముందు: నవాబుపేట వైపు వాలంటీర్ల ప్రశ్నలు, జవాబులు

రోడ్డు మీది మురికినంతా కడుక్కుంటూ వాన నీళ్లు నేరుగా వాగులో పడకుండా, దారిలో ఒక పల్లపు మడిలో ఆగి, వడపోతై, నేలలోకి ఇంకేలా చేసేది వాన తోట. తవ్వడం ఒకటి రెండు రోజుల పని. ఆ తర్వాత ఏళ్ల తరబడి దాన్ని చూసుకునేది వాలంటీర్లే అని అందరూ అనేస్తుంటారు. ఆ మాటలో సగమే నిజం. మిగతా సగం ఎవరి బాధ్యతో తెలియకుండా పార పట్టుకుంటే, రెండో వానాకాలానికి తోట కలుపు మడి అవుతుంది, పట్టినవాళ్లకు విసుగు మిగులుతుంది.

ఇక్కడ చెప్పేది వికారాబాద్ జిల్లా నవాబుపేట సంగతి. మహబూబ్‌నగర్ జిల్లాలోనూ ఒక నవాబుపేట ఉంది కాబట్టి ముందే చెప్పడం మంచిది. వికారాబాద్, తాండూరు పట్టణాల్లో ఉండేవాళ్లకు చట్టం మారే చోట ఆ తేడా కూడా చెప్పాను.

మాది మండల కేంద్రమే గానీ పట్నం కాదు. పట్నపు వాన తోటల గొడవ మాకెందుకు?

పట్నం అవునా కాదా అని వాన చూడదు. నేల మీద సిమెంటు ఎంత పరిచామన్నదే లెక్క. గల్లీ గల్లీకీ సీసీ రోడ్డు పడ్డాక నీళ్లు ఇంకే చోటు పోయింది. అరవై మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పు ఉన్న గల్లీ తీసుకోండి. అది 300 చదరపు మీటర్లు. దాని మీద ఒక సెంటీమీటరు వాన పడితే 3,000 లీటర్లు, అంటే రెండు వందల లీటర్ల డ్రమ్ములు పదిహేను. ఆ నీళ్లన్నీ కొద్ది నిమిషాల్లో మోరీలో ఉంటాయి.

మృగశిర వచ్చాక పడే మొదటి గట్టి వానకు సెంటర్లో నిలబడి చూడండి. పంక్చర్ షాపు ముందు నుంచి నీళ్లు నూనె తెట్టుతో రంగులు తేలుతూ వస్తాయి. హోటల్ వెనక నుంచి టీ పొడి, గుట్కా ప్యాకెట్లు, పాల కవర్లు కొట్టుకొస్తాయి. ఎండాకాలమంతా రోడ్డు మీద పేరుకున్న టైర్ల పొడి, పేడ, దుమ్ము అందులోనే. తొలి వాన నీరే అన్నిటికన్నా మురికి నీరు. తర్వాతి వానలు కొంచెం తేటగా ఉంటాయి.

ఇక ఆ నీళ్లు ఎటు పోతాయో చూడండి. మూసీ పుట్టింది అనంతగిరి కొండల్లో. అక్కడి నుంచి తూర్పుకు సాగి గండిపేటలో, అంటే 1908 వరదల తర్వాత కట్టి 1920లో పూర్తి చేసిన ఉస్మాన్‌సాగర్‌లో చేరుతుంది. హైదరాబాద్‌లో మూసీ మురికి గురించి పత్రికలు రోజూ రాస్తాయి గానీ, ఆ నది తలాపున ఉన్నది మన జిల్లా. తాండూరు వైపు నీళ్లు కాగ్నాలో పడి, భీమా మీదుగా కృష్ణకు పోతాయి. మూసీ కూడా నల్గొండ జిల్లా వాడపల్లి దగ్గర చివరికి కృష్ణలోనే కలుస్తుంది. ఎటు వదిలినా చేరేది అక్కడికే.

ఇంకుడు గుంతలు ఉన్నాయి కదా, వాన తోట వేరేనా?

వేరే. ఇంకుడు గుంత నీళ్లను లోపలికి దింపుతుంది, అంతే. రాళ్లూ కంకరా నింపిన గుంతలోకి బురద, నూనె వెళితే అవి అక్కడే పేరుకుని గుంత మూసుకుపోతుంది. వాన తోట లోతు తక్కువ, వైశాల్యం ఎక్కువ. జానెడు లోతు, అంటే పదిహేను, ఇరవై సెంటీమీటర్లు చాలు. పైన మొక్కలు, కింద ఇసుక కలిపిన మట్టి ఉంటాయి. మట్టి బురదను ఆపుతుంది. వేళ్లు, వాటి చుట్టూ ఉండే సూక్ష్మజీవులు నూనెను, ఎరువుల అవశేషాలను కొంతవరకు విరగ్గొడతాయి. పైన చెప్పిన గల్లీకి ఇరవై చదరపు మీటర్ల మడి, పదిహేను సెంటీమీటర్ల లోతున ఉంటే, ఆ 3,000 లీటర్లూ అందులో పడతాయి.

ఈ పద్ధతి ఈ రూపంలో మొదలైంది 1990 ప్రాంతంలో, అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్రంలో. ప్రిన్స్ జార్జ్ కౌంటీ సోమర్‌సెట్ అనే కాలనీలో ఇంటింటికీ మూడు నాలుగు వందల చదరపు అడుగుల మడి వేశారు. కాలువలూ చెరువూ తవ్వడం కన్నా అది చవక పడింది. అయితే వాళ్ల కొలతలు మనకు అచ్చంగా పనికిరావు. వాళ్లకు ఏడాది పొడవునా వాన. మనకు నాలుగు నెలల్లో కుమ్మరించి పోయే వాన, తర్వాత ఎనిమిది నెలల ఎండు.

తవ్వడానికి ఎవరి అనుమతి కావాలి?

ఎక్కువ పేచీలు వచ్చేది ఇక్కడే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

మీ సొంత ఇంటి ఆవరణలో అయితే ఎవరినీ అడగక్కర్లేదు. గోడ పునాదికి కనీసం పది అడుగుల దూరంలో ఉండాలి, పొంగిన నీళ్లు పక్కింటి గోడకు తగలకూడదు, సెప్టిక్ ట్యాంకు పక్కన తవ్వకూడదు. కొత్త ఇళ్లకు వాన నీటిని పట్టే ఏర్పాటు ఉండాలని రాష్ట్ర భవన నిర్మాణ నిబంధనలు 2012 నుంచీ చెబుతున్నాయి. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం, మనం వాల్టా అనుకునేది, దానికి మూలం.

గ్రామ పంచాయతీ వీధి, పార్కు, పల్లె ప్రకృతి వనం, పంచాయతీ ఆఫీసు ఆవరణ అయితే పంచాయతీ తీర్మానం కావాలి. సర్పంచ్ నోటి మాట చాలదు. సర్పంచ్ రేపు మారవచ్చు, ప్రత్యేకాధికారి రావచ్చు. తీర్మానం పుస్తకంలో ఉంటే అది పంచాయతీ మాట. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం గ్రామసభ కనీసం రెండు నెలలకోసారి జరగాలి. అక్కడ విషయం ఎత్తి, మినిట్స్‌లో రాయించి, నకలు తీసుకోండి. అదే చట్టం పారిశుద్ధ్యానికి ఒకటి, మొక్కల పెంపకానికి ఒకటి స్టాండింగ్ కమిటీలు పెట్టమంది. ఆ రెండింటిలో ఒకదాని కింద వాన తోటను చేర్చమని అడగవచ్చు. చాలా ఊళ్లలో ఆ కమిటీలు కాగితం మీదే ఉంటాయని నాకూ తెలుసు. కాగితం మీద ఉన్నా సరే, ఉన్నదాన్ని లేపడం కొత్తదాన్ని పుట్టించడం కన్నా సులువు.

ప్రధాన రోడ్డు పక్కన అయితే అది ఆర్‌అండ్‌బీ వాళ్లదా, పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ వాళ్లదా అని ముందు తేల్చుకోవాలి. పంచాయతీ తీర్మానం ఆ శాఖ అనుమతికి బదులు కాదు. రైలు పట్టాల వెంబడి స్థలం దక్షిణ మధ్య రైల్వేది. దాని జోలికి పోవద్దు.

చెరువు శిఖంలో, అంటే చెరువు నిండినప్పుడు నీళ్లు చేరే ఎఫ్‌టీఎల్ హద్దు లోపల ఏం చేయాలన్నా నీటిపారుదల శాఖను అడగాలి. భవన నిబంధనల ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్ల వరకు, అంతకన్నా చిన్న కుంటల నుంచి 9 మీటర్ల వరకు కట్టడాలు ఉండకూడదు. ఆ జాగా పచ్చగా ఉండాలన్నదే నిబంధన ఉద్దేశం కాబట్టి మొక్కల మడికి అక్కడ చోటు అడగడం సబబే. అయితే మడి చుట్టూ సిమెంటు గోడ కడతామంటే అది కట్టడం కిందికి వస్తుంది.

అనుమతి చేతికొచ్చాక కూడా ఆగి రెండు చోట్ల అడగండి. మిషన్ భగీరథ పైపు ఎటు పోయిందో పంచాయతీ కార్యదర్శిని, భూమిలో కేబులు ఉందేమో కరెంటు లైన్‌మన్‌ను. ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె, ఎర్తింగ్ గుంత దరిదాపుల్లో పార పెట్టకండి. భగీరథ పైపు పగిలిందంటే మీ ఉద్యమానికి ఊళ్లో మొదటి శత్రువులు బిందెలు పట్టుకున్న ఆడవాళ్లే అవుతారు, అందులో వాళ్ల తప్పేమీ ఉండదు.

వికారాబాద్, తాండూరులో ఎవరిని అడగాలి?

మున్సిపల్ కమిషనర్‌ను. అక్కడ నడిచేది 2019 తెలంగాణ మున్సిపాలిటీల చట్టం. ప్రతి వార్డుకూ యువకులు, మహిళలు, వృద్ధులు, ప్రముఖ పౌరులతో నాలుగు వార్డు కమిటీలు ఉండాలని, ఒక్కోదాంట్లో పదిహేను మంది ఉండాలని ఆ చట్టం చెబుతుంది. బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికి తీయాలి. గ్రీన్ బడ్జెట్ అంటారు దాన్ని. వాన తోటకు మట్టి, ఇసుక, జేసీబీ అద్దె అడిగేటప్పుడు ఈ మాట గుర్తు చేయండి. చందాలు వసూలు చేసే ముందు ఇది అడగడం మేలు.

పంచాయతీ వాళ్లు ‘వాలంటీర్లు ఉన్నారుగా, మీరే చేసుకోండి’ అంటున్నారు. మేం చేయక తప్పదా?

తప్పుతుంది. వాలంటీరు అంటే ఇష్టపడి వచ్చినవాడు. ఇష్టం పోయిన రోజు పార కింద పెట్టి పోవచ్చు, ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు. మోరీలు తీయడం, చెత్త ఎత్తడం, పారిశుద్ధ్యం పంచాయతీ విధులు. మీరు వచ్చారని ఆ విధులు రద్దు కావు. పంచాయతీ కార్మికుల్లో ఒకరిని తగ్గించి ఆ పని మీ మీద వేస్తామంటే ఒప్పుకోకండి. మీ ఉత్సాహం ఇంకొకరి కూలి పోగొట్టకూడదు.

ఈ ప్రాంతం వాళ్లకు ఇది కొత్త పాఠం కాదు. నిజాం కాలంలో వెట్టి ఏమిటో ఇక్కడి పెద్దల నోట విన్నవాళ్లు ఇంకా ఉన్నారు. రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. 1982లో ఆసియాడ్ నిర్మాణ కూలీల కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకు వేసి, కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించుకోవడం కూడా బలవంతపు చాకిరీయే అంది. ‘వచ్చి తోట పని చేస్తేనే పింఛను కాగితం మీద సంతకం’, ‘డ్వాక్రా సంఘం వాళ్లు ఇంటికొకరు రావాలి’ లాంటి మాటలు ఎవరైనా అంటే అది శ్రమదానం కాదు. అలా అడిగిన వాళ్ల పేరు, తేదీ రాసి ఎంపీడీఓకు ఇవ్వండి.

ఉమ్మడి రాష్ట్రంలో 1997లో మొదలైన జన్మభూమి రోజుల నుంచీ శ్రమదానం అనే మాటను ఫొటోల కోసం బాగా వాడేశారు. ఫొటోకు పార పట్టుకున్న వాళ్లు మళ్లీ కలుపు తీయడానికి రాలేదు. అందుకే నా సలహా ఒకటే. తీర్మానంలోనే రెండు జాబితాలు రాయించండి. గుంత తవ్వడం, మట్టి మార్చడం, తీసిన బురద ట్రాక్టర్‌లో ఎత్తుకుపోవడం, ఎండాకాలంలో ట్యాంకర్ నీళ్లు పంచాయతీ పని. కలుపు, నాట్లు, చెత్త ఏరడం, నీళ్లు ఇంకుతున్నాయో లేదో చూడడం వాలంటీర్ల పని. ఈ గీత రాతలో లేకపోతే ఏడాది తిరిగేసరికి అన్నీ మీ మీదే పడతాయి.

ఎవరికి కూలి ఇవ్వాలి, ఎవరిది స్వచ్ఛందం అన్న గందరగోళం కూడా వద్దు. ఉపాధి హామీలో పని మంజూరైతే అందులో దిగిన ప్రతి ఒక్కరికీ కూలి పడాలి. అదే గుంత దగ్గర కొందరికి మస్టర్ వేసి, కొందరిని వాలంటీర్లని పిలవకూడదు.

మోరీ జామైతే మేమే దిగి తీయవచ్చా?

దిగవద్దు. పైనుంచి పొడవాటి పారతో, ముళ్ల కర్రతో తీయగలిగినంత తీయండి, మిగతాది పంచాయతీకి వదిలేయండి. మూత వేసిన మోరీ, మ్యాన్‌హోలు, సెప్టిక్ ట్యాంకు అయితే మూత కూడా ఎత్తకండి. వాటిలోని విషవాయువు ఒక్క గుక్కతో మనిషిని పడేస్తుంది. కాపాడబోయిన రెండోవాడు కూడా అందులోనే పోయిన వార్తలు మనం ఎన్ని చదవలేదు!

2013లో వచ్చిన పాకీపని నిషేధ చట్టం ప్రకారం రక్షణ సామగ్రి లేకుండా మురుగు కాలువలోకి, సెప్టిక్ ట్యాంకులోకి ఎవరినీ దించకూడదు. దించినవారికి మొదటి తప్పుకే రెండేళ్ల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. దించింది వ్యక్తి అయినా, స్థానిక సంస్థ అయినా, ఏజెన్సీ అయినా చట్టం ఒకటే. మురుగు కాలువల్లో చనిపోయినవారి కుటుంబాలకు 30 లక్షల పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో చెప్పింది. వాలంటీరే గదా, దిగితే ఏముంది అనే ధైర్యం ఎవరూ చేయకూడదు.

ఇంకో మాట. ఊళ్లో ఈ పని ఎప్పుడూ ఒకే కులం వాళ్ల వైపు జరుగుతూ ఉంటుంది. మీ బృందంలోనూ బురద తీసేది ఒకరు, మొక్క నాటేది ఇంకొకరు అయిపోతుంటే వంతులు వేసుకోండి.

తోటలో పేరుకున్న బురద తీయడానికి గమ్‌బూట్లు, మందపాటి గ్లౌజులు వేసుకోండి. గాజు పెంకులు, సిరంజీలు, మేకులు దొరుకుతాయి. టీటీ ఇంజెక్షన్ వేయించుకున్నాకే పని మొదలుపెట్టండి. కాలి మీద తెగిన గాయం ఉన్నవాళ్లు ఆ రోజు గట్టు మీదే ఉండాలి.

పనిలో దెబ్బ తగిలితే ఎవరు చూస్తారు?

జీతం లేని పనికి కార్మికుల పరిహారం సాధారణంగా వర్తించదు. అందుకే ముందుగానే ఏర్పాటు చేసుకోవాలి. బ్యాంకు ఖాతా ఉండి, వయసు 18 నుంచి 70 మధ్య ఉన్నవారెవరైనా ప్రధానమంత్రి సురక్షా బీమాలో చేరవచ్చు. ఏడాదికి 20 రూపాయలు. ప్రమాదంలో మరణం, పూర్తి అంగవైకల్యం అయితే రెండు లక్షలు, పాక్షికమైతే లక్ష. పలుగూ పారా కొనడానికన్నా ముందు అందరి చేతా ఈ ఫారం నింపించండి.

బడి పిల్లలను తీసుకురావచ్చా?

చూపించడానికి, మొక్క నాటడానికి, వాన కొలవడానికి తీసుకురండి. మోరీ పక్కన బురద తీయడానికి వద్దు. తల్లిదండ్రుల అంగీకారం ఉండాలి, ఉపాధ్యాయులు పక్కన ఉండాలి, అది ఆదివారం కాకుండా ఉంటే ఇంకా మంచిది.

నీళ్లు నిలబడితే దోమలు వస్తాయని పక్కింటి పెద్దమ్మ ఒప్పుకోవట్లేదు. ఏం చెప్పాలి?

పెద్దమ్మ భయంలో తప్పు లేదు. దోమ గుడ్డు పెట్టిన నాటి నుంచి రెక్కలు వచ్చే దాకా వారం నుంచి పది రోజులు పడుతుంది. వాన తోటలో నీళ్లు ఒకటి రెండు రోజుల్లో ఇంకిపోవాలి. మూడో రోజు కూడా నీళ్లు కనిపిస్తే అది వాన తోట కాదు, దోమల కుంట. అప్పుడు దాన్ని బాగు చేసే దాకా నీళ్లు వేరే దారిన పంపడం మీ బాధ్యత.

తవ్వే ముందే పరీక్ష చేసుకోండి. అడుగు లోతు గుంత తీసి సాయంత్రం నిండా నీళ్లు పోయండి. తెల్లారేసరికి ఖాళీ అయితే నేల పనికొస్తుంది. ఎర్ర చెలక, మొరం నేలల్లో బాగానే ఇంకుతుంది. నల్లరేగడిలో ఇంకదు. అది తడికి ఉబ్బుతుంది, ఎండకు బీటలిస్తుంది. అలాంటి చోట పై మట్టిని తీసేసి, సగానికి పైగా ఇసుక కలిపి, కింద కంకర పరిచి, పొంగిన నీరు మోరీలోకి పోయే దారి పెట్టాలి. ఆ ఖర్చుకు పంచాయతీ సిద్ధంగా లేకపోతే రేగడిలో మొదలుపెట్టకండి.

పెద్దమ్మ మాట గ్రామసభలో కూడా రాయించండి. ఎదురు చెప్పేవాళ్ల అభ్యంతరం మినిట్స్‌లోకి ఎక్కితే, దానికి జవాబు చెప్పాల్సిన పని అధికారులకు పడుతుంది.

ఏ మొక్కలు? గడ్డి కోసి బర్రెకు వేయవచ్చా?

నాలుగు రోజులు మునిగినా, నాలుగు నెలలు ఎండినా బతికేవి కావాలి. వట్టివేరు అన్నిటికన్నా నమ్మకమైనది. గరిక గట్లను పట్టి ఉంచుతుంది. నీళ్లు నిలిచే నడిమధ్యలో మెట్టతామర, తుంగ. పొడిగా ఉండే అంచుల్లో తంగేడు. గుంత పని రోహిణిలో ముగించి, నాట్లు మృగశిర వానకు పెట్టుకుంటే నీళ్లు పోసే బాధ తగ్గుతుంది. మొక్కలు పంచాయతీ నర్సరీలో అడగండి. నాటినవాటిలో 85 శాతం బతికించాల్సిన బాధ్యత పంచాయతీదే కనుక బతికే చోటు చూపిస్తే కార్యదర్శికీ సంతోషమే.

గడ్డి సంగతికొస్తే, రోడ్డు పక్క తోటలోది పశువులకు వేయకండి. దానిలో నూనె, టైర్ల పొడి, బ్యాటరీ షాపుల నుంచి వచ్చే సీసం పట్టి ఉండవచ్చు. అదే కారణానికి అక్కడ తోటకూర, పుదీనా కూడా పెంచకండి. ఇంటి కప్పు మీది నీరు మాత్రమే పట్టే తోటలో ఆ భయం తక్కువ. మేకలు పడి తింటుంటే కంచె వేయండి. మేకను పట్టుకుని కట్టేసుకునే హక్కు మాత్రం మీకు లేదు. బందెల దొడ్డికి తోలించేది పంచాయతీ. దారిలో పెద్ద చెట్టు అడ్డం వస్తే తోటనే పక్కకు జరపండి. చెట్టు కొట్టాలంటే వాల్టా అనుమతి కావాలి, వాన తోట కోసం చెట్టు కొట్టడం కన్నా తెలివితక్కువ పని ఇంకోటి లేదు.

తాండూరులో మా తోటలోకి నాపరాయి బురద వస్తోంది. మేమే తీసుకోవాలా?

రాయి కోసి పాలిష్ పట్టే యూనిట్ల నుంచి తెల్లటి బురద వస్తుంది. తడిగా ఉన్నప్పుడు మజ్జిగలా పారుతుంది, ఎండితే పలక కడుతుంది. ఆ పలక మట్టి రంధ్రాలను మూసేస్తుంది, తర్వాత చుక్క నీరు ఇంకదు. వాన తోట రోడ్డు మురికి కోసం, ఫ్యాక్టరీ వ్యర్థం కోసం కాదు. మీరు పారలతో తీస్తూ పోతే యూనిట్ యజమానికి ఉచితంగా చాకిరీ చేసినట్టే. 1974 నీటి కాలుష్య చట్టం 24వ సెక్షన్ ప్రకారం కలుషిత పదార్థాన్ని తెలిసీ వాగులోకి, కాలువలోకి వదలకూడదు. బురదను తమ ఆవరణలోనే తేర్చుకునే తొట్లు ఉండడం వాళ్ల బాధ్యత. ఫిర్యాదు కాలుష్య నియంత్రణ మండలికి, నకలు మున్సిపల్ కమిషనర్‌కు పంపండి. ఏ తేదీన, ఎక్కడి నుంచి, ఎటు పారిందో చూపే ఫొటోలు జత చేయండి.

హోటలో, సర్వీసింగ్ షెడ్డో మురుగు వదులుతుంటే మేం ఆపవచ్చా?

అడగవచ్చు, చెప్పవచ్చు, ఫొటో తీయవచ్చు. పైపు మూసేయడం, జరిమానా వసూలు చేయడం, షాపు ముందు గొడవ పెట్టుకోవడం చేయకూడదు. జరిమానా వేసే అధికారం పంచాయతీకి, మున్సిపాలిటీకి ఉంది, మీకు లేదు. వీధిలో, మోరీలో, నీటి వనరుల్లో చెత్త వేయకూడదన్నది 2016 ఘన వ్యర్థాల నిబంధనల నుంచీ అందరికీ వర్తించే మాట.

మెట్లు ఇలా ఎక్కండి. మొదట పంచాయతీ కార్యదర్శికి రాతపూర్వకంగా, రసీదుతో. కదలిక లేకపోతే మండల పంచాయతీ అధికారికి. ఆ తర్వాత సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి. మధ్యలో సమాచార హక్కు చట్టం వాడండి. ‘ఫలానా తేదీ ఫిర్యాదు మీద ఏం చర్య తీసుకున్నారు, ఫైలు నకలు ఇవ్వండి’ అని ఒక్క వాక్యం చాలు. గ్రామ స్థాయి ఆఫీసులో దరఖాస్తు రుసుము లేదు, మండల స్థాయిలో ఐదు రూపాయలు, ఆపైన పది. 30 రోజుల్లో జవాబు రావాలి. అన్నీ అయ్యాక జాతీయ హరిత ట్రిబ్యునల్ ఉంది. మన బెంచ్ చెన్నైలో. వివాదం పుట్టిన ఆరు నెలల్లోపు వెళ్లాలి. అంత దూరం పోవాల్సిన కేసులు తక్కువే. చాలా వరకు సమాచార హక్కు కాగితం దగ్గరే కదలిక వస్తుంది.

రోడ్డు వెడల్పు చేస్తామని తోట తీసేస్తే మాకు హక్కు ఉందా?

స్థలం మీద లేదు. ఎన్నేళ్లు చెమట పోసినా అది ప్రజా స్థలమే, మీ పేరు బోర్డు పెట్టినంత మాత్రాన మీది కాదు. కానీ తీర్మానంతో వేసిన తోటను తీయడానికి ఇంకో తీర్మానం చూపించమని అడగవచ్చు, ముందుగా తెలియజేయమని, వేరే చోటు ఇవ్వమని అడగవచ్చు. మొదటి తీర్మానంలోనే ఈ షరతు రాయించుకున్నవాళ్లు తర్వాత ఏడవక్కర్లేదు.

సంఘం రిజిస్టర్ చేయాలా? చందాలు తీసుకోవచ్చా?

పదిమంది ఇష్టపడి చేసే పనికి రిజిస్ట్రేషన్ అవసరం లేదు. డబ్బు చేతులు మారడం మొదలైతే అవసరం. సొసైటీగా రిజిస్టర్ కావాలంటే కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. రసీదు లేని చందా తీసుకోకండి, ఖర్చు లెక్క గ్రామసభలో చదవండి.

ఇలా మన దగ్గర ఎవరైనా చేశారా?

వాన తోట కాదు గానీ దగ్గరి చుట్టం లాంటి పని మూసీ దిగువన జరిగింది. మణికొండ దగ్గర నెక్నాంపూర్ చెరువు మీద ధ్రువాంశ్ సంస్థ వాలంటీర్లు, ప్రభుత్వ శాఖల సహకారంతో, దాదాపు మూడు వేల చదరపు అడుగుల తేలియాడే మొక్కల తెప్ప కట్టారు. 2018 ఫిబ్రవరి 2న, ప్రపంచ చిత్తడి నేలల దినం రోజు దాన్ని నీళ్ల మీద పెట్టారు. వట్టివేరు, మెట్టతామర లాంటివి నాటారు. వాటి వేళ్లు నీళ్లలో వేలాడుతూ మురికిని తీసుకుంటాయి. అయితే అక్కడి తెప్ప చెరువులో చేరిపోయిన మురుగుతో తలపడాలి. నవాబుపేట వైపు మనం మురికిని వాగులో చేరకముందే పట్టుకోగలం. ఎగువన ఉండడం వల్ల మనకు దక్కిన వీలు ఇదొక్కటే.

ఎక్కడ మొదలుపెట్టాలి?

వచ్చే గ్రామసభ తేదీ పంచాయతీ కార్యదర్శిని అడగండి. ఆ లోపు ఒక వాన పడితే గొడుగు పట్టుకుని మీ గల్లీ చివర నిలబడి, నీళ్లు ఎక్కడ మోరీలో దూకుతున్నాయో ఫోనులో తీసి పెట్టుకోండి. తోటకు చోటు అదే. ఆ వీడియో, ఒక తెల్లకాగితం అర్జీ పట్టుకుని సభకు వెళ్లండి, తీర్మానం నకలు చేతికి వచ్చే దాకా తవ్వకండి.